కమైమై రంగు

పదకొండు రోజులకి దొరికాడు నా తమ్ముడు.
నవెరెవెరె ఆసుపత్రిలో, నా వార్డులోనే పడుకోబెట్టారు.
పెదవులు ఎండిన చేప పొలుసులు.
నేను నర్సుని. ఏడ్చేముందు సీసా చూడాలి.

కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.
అడుగున రెండు వేళ్ళ మందం.
కొబ్బరి కల్లుని పొద్దంతా కాచి అమ్మ దించే పాకం,
మేం కమైమై అంటాం,
అచ్చం ఆ రంగు.
డాక్టరు మొహం ముడిచాడు.
నాకు మాత్రం ఆ సీసాని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

నడుముకి అటొకటి ఇటొకటి, పిడికిలంతేసి,
మామూలు రోజుల్లో అవెంత దుబారావో!
ఒంట్లో నెత్తురుని మళ్ళీ మళ్ళీ లోపలికి పిలిచి
ఒక్కోటీ పది లక్షల జల్లెళ్ళలో పారబోస్తుంది.
రోజుకి నూట ఎనభై లీటర్లు,
మా చూరు కింది వానతొట్టి పొర్లిపోయేంత.
ఉప్పు, చక్కెర, నీళ్ళు, మురికి, అన్నీ ఒక్క ఊపున బయటికి.
అప్పుడు మొదలవుతుంది ఏరుకోవడం.
ఇది మనది. ఇదీ మనదే. ఇది కాదు.
చక్కెర పలుకు ఒక్కటి వదలవు.
నీళ్ళలో నూటికి తొంభైతొమ్మిది వంతులు వెనక్కి.
ముందు అంతా కుమ్మరించి
తర్వాత వంగి వంగి ఏరుకునే ఇల్లాలిని ఎక్కడైనా చూశారా?
నేను చూశాను. మా అమ్మ పెట్టె సర్దడం అంతే.

మైయానాకి పడమట మోటారు ఆగింది.
పడవలో ఇద్దరు: మా రుతియో, మా మరిది కైతు.
మూడో రోజుకి డబ్బాలో నీళ్ళు అడుగంటాయి.
నెత్తురు ఓ పిసరు ఉప్పెక్కింది.
తలలో, కళ్ళ వెనకెక్కడో,
ఆ ఉప్పుని రుచి చూసే కావలివాడొకడుంటాడు.
కిందికి కబురంపాడు:
పోయేవాటిని వెనక్కి పిలవండి.
గొట్టాల గోడల్లో చిన్న చిన్న తలుపులు తెరుచుకున్నాయి.
మనుషులు సొమ్మసిల్లినా అవి కునుకు తియ్యలేదు.
వాన రెండుసార్లు పడింది. చొక్కాలు పిండుకు తాగారు.
చేపకళ్ళు నమిలారు.
రోజుకో చిన్న టిన్నుడు, అంతే వదిలాయి,
అదీ గతిలేక.
మురికి తనంతట నడిచిపోదు కదా,
మొయ్యడానికి కాసిని నీళ్ళు కావాలి.

ఏడో రోజు కైతు పడవ అంచున చెయ్యి ముంచాడు.
"ఇన్ని నీళ్ళు చుట్టూ పెట్టుకుని," అన్నాడట.
రుతియో అంతవరకే చెప్పాడు.

రాత్రి నేను డ్యూటీ దిగబోతుంటే అడిగాడు,
"అక్కా, నేను చెయ్యి పట్టుకుని ఆపాల్సింది, కదూ?"
నా దగ్గరున్నది ఒక లెక్క.
కప్పు సముద్రం తాగితే, ఆ ఉప్పుని తరమడానికి
కప్పున్నర మంచినీళ్ళు కట్టాలి ఒళ్ళు.
తాగినకొద్దీ అప్పు.
ముక్కుతో ఉప్పు చీదేసే పక్షులున్నాయి మన ఆకాశంలో.
మనకి ఆ ముక్కు లేదు.
లెక్క చెప్పాను. జవాబు కాదని తెలిసే చెప్పాను.
దుప్పటి సర్ది, పడుకోమన్నాను.

మా చెల్లెలు తెరెతియా బావి దగ్గర కూర్చుంది.
మా దీవి కింద, ఉప్పునీళ్ళ మీద
పలచగా తేలుతుంటుంది ఒక తియ్యని పొర.
పైపైనే ముంచాలి. లోతుకి దించితే సముద్రం.
చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతే.
ఆ పూట చేదని వదిలేసింది,
తాడు చివర చేతిలోంచి జారేదాకా.

ఐదో రోజు సీసాలో లేత కొబ్బరినీళ్ళ రంగు.
ఇంటికి తీసుకొచ్చాం.
అర్ధరాత్రి రొట్టెపండు చెట్టు వెనకాల చప్పుడు:
సన్నగా మొదలైంది, ఆగింది,
మళ్ళీ మొదలై చాలాసేపు.
అమ్మ చీకట్లో లేచి కూర్చుని వింటోంది.
పక్క చాప మీద తెరెతియా కూడా మెలకువగానే ఉంది.
అది ఆగేదాకా
మేమెవరం కదల్లేదు.