మెరవకూడదంట

మొదటిపాలి పన్నెండే అడిగినారు.
పన్నెండు తలుపు పిడులు,
గుప్పెట్లో ఇమిడీవి, కోడిగుడ్డంత నునుపు.
ఏజెంటు శేషగిరి బుడితిలో బస్సు దిగి
సిగరెట్టు పెట్టి వెనకాల గీసి సూపించినాడు.
మావయ్య ఆ గీత మీద బొటనేలు పెట్టి
"ఇది దేవుడికా, మడిసికా?" అనడిగినాడు.
గంట కొలత తెలుసును, సెంబు కొలత తెలుసును,
తలుపు కొలత మా కొలిమెప్పుడూ ఎరగదు.

పుట్టమన్ను, ఊక, మైనం.
మూసలో ఇత్తడి కదిలినప్పుడు
మావయ్య ఊపిరి బిగబట్టీవోడు,
మేం కూడా మాటాడీవోళ్ళం కాదు.
సల్లారినాక నా వంతు.
సింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీసు.
నా మొకం నాకు కనపడీదాకా తోమీదాన్ని,
పొట్టిగా, ఇంత ముక్కుతో,
నవ్వొచ్చీలాగ.

మరుసటి వానలకి నూటనలభై.
ఆ పైన ఆరొందలు.
లండన్లో ఒక కొట్టుండీదంట, నాలుగైనాయంట,
దుబాయిలో హోటలంట, గదికి రెండేసి పిడులంట.
శేషగిరి ఫోను మారినాది, బండి మారినాది.
మా రేటు పదకొండు రూపాయలు పెరిగినాది.
పెరగనేదని అనను, కళ్ళు పోతాయి.
మా నీలవేణి కళ్ళజోడు ఆ డబ్బే.

ఒకనాడు కంపెనీ పుస్తకం తెచ్చినాడు.
ఏలు పెడితే జారిపోయీ కాగితం.
సోఫాలు, పరదాలు, గోడలకి పూలు.
ఒక్క గదిలోనూ మడిసి నేడు.
కుక్క ఒకటున్నాది, తొంగున్నాది.
నలభైమూడో పేజీలో మా పిడి,
వానమబ్బు రంగు తలుపు మీద.
మావయ్య కళ్ళద్దాలు తుడిసి మళ్ళీ సూసినాడు.
"మన సామానే, మనల్ని పోల్చుకోనట్టున్నాదే."
నీలవేణి కింద అచ్చరాలు సదివినాది:
సేత్తో సేసినది.
ఎవరి సేత్తోనో రాయడానికి జాగా సాలనేదేమో,
ధర మట్టుకు పెద్దగా ఉన్నాది.

నిరుడు కొత్త కబురు.
మెరవకూడదంట.
కొత్తగా ఉంటే కొనరంట ఆ ఊరోళ్ళు,
నూరేళ్ళ నుంచీ ఎవరెవరో పట్టుకున్నట్టుండాలంట.
ఉప్పునీళ్ళు, తడి రంపపుపొట్టు,
గోనె కప్పి తొమ్మిది దినాలు.
మా అత్త బతికుంటే సీపురు తీసీది.
మసకసెంబు గుమ్మంలో కనపడితే
ఇంట్లో ఆడది నేదనుకుంటారనీది.
ఇరవైయేడేళ్ళు తోమిన సేతుల్తో
ఇప్పుడు మరకలు పెడతన్నాను.
ఎక్కువైతే వాపసు. తక్కువైతే వాపసు.
మరకకీ కొలతుంటాదని ఈ వయసులో నేర్సుకున్నాను.
మసక పిడికి నలభై ఎక్కువ ఇస్తారు మరి.

మాఘమాసంలో దొరసాని వొచ్చినాది.
బోర్లించిన గంపమీద కూకొని రెండు టీలు తాగినాది.
మంచిదే, పాపం,
మావయ్య కాలిన సెయ్యి సూసి సానాసేపు మాటాడనేదు.
కొలిమిసాల గోడ నిమిరి
ఈ నలుపు పేరేటని అడిగినాది.
"పొగ" అని సెప్పింది నీలవేణి.
సీటీ మీద రాసుకున్నాది.
వొచ్చే పుస్తకంలో గోడరంగొకటి ఉంటాదేమో.

ఎళ్తా ఎళ్తా మా తలుపు కాడ ఆగిపోనాది.
దానికి పిడి నేదు.
నైలాను తాడు ముడి ఒకటి, జిడ్డెక్కి, నున్నగా.
సిగ్గుతో సచ్చినాను.
దొరసాని నాలుగు ఫోటోలు తీసినాది.
మూడు వారాలకి శేషగిరి ఫోను సేసినాడు,
"వదినా, ఆ ముడి ఎలగ ఏస్తారు? శాంపులు అడగతన్నారు."
నాకు గుర్తు నేదన్నాను.

వాపసొచ్చిన దాంట్లో ఒకటి తీసుకున్నాను,
మరక ఎక్కువైంది.
రాత్రి అందరూ తొంగున్నాక సింతపండు నానేసి
కుదురుగా కూకొని తోమినాను.
పొట్టిగా, ఇంత ముక్కుతో వొచ్చినాను పైకి,
ఈపాలి నెరిసిన జుట్టు కూడా.
పొద్దున్న మా తలుపుకి బిగించినాను.
తాడు ఇప్పనేదు.
పిడి సూసుకోడానికి,
తాడు లాక్కోడానికి.