ఆగస్టు నెల సంగతులు

కొండమీది వాళ్లకీ, కొండకింది వాళ్లకీ,
ఆ మధ్యలో మెట్ల మీదే సగం బతుకు గడిపేసే వాళ్లకీ
మీ కార్పొరేటర్ జక్కా కరుణకుమారి
రాసుకుంటున్నది.

ముందు నీళ్లు.
మోటారు కాలిపోయింది.
నాకంటే ముందు ఆ సంగతి మీ బిందెలకు తెలుసు.
పదకొండు రోజులు ట్యాంకరు చిట్టినగర్ మలుపు దాకా వచ్చి
కొండవైపు ఒకసారి చూసి, అక్కడే ఆగిపోయింది.
ఇప్పుడు కొత్త మోటారొచ్చింది.
కొత్తదంటే కొత్తది కాదు,
ఇంకో కొండ మీద పాతబడి వచ్చింది.
రోజు విడిచి రోజు, తెల్లారగట్ల నాలుగున్నరకి, నలభై నిమిషాలు.
పైవరసకి ఎక్కేసరికి అది ఇరవై అవుతోంది.
పైవరస వాళ్లూ, నన్ను తిట్టండి, పడతాను,
కిందివరస వాళ్లని తిట్టకండి.

వీధిదీపాలు పదహారు అడిగితే ఆరిచ్చారు.
ఎక్కడ పెట్టాలో పెద్దమనుషులు చెప్పారు, విన్నాను.
బీసెంట్ రోడ్డు బట్టలకొట్లలో షట్టర్లు దించి
రాత్రి పదిన్నరకి ఎక్కొచ్చే ఆడపిల్లల్ని కూడా అడిగాను.
వాళ్లు వేలుపెట్టి చూపించిన మలుపుల్లోనే
ఆ ఆరూ వెలుగుతున్నాయి.
పెద్దమనుషులు నాతో మాట్లాడటం లేదు.

కౌన్సిల్లో లేచాను.
"అధ్యక్షా, మా కొండ..." అనేసరికి మైకు ఆగింది.
మైకు నాకెందుకు,
కింద కిళ్లీకొట్లో కూర్చున్న మా ఆయనకి
ఉప్పు తెమ్మని పైనుంచే పాతికేళ్లు కేకేసిన గొంతు ఇది.
హాలంతా విన్నారు.
మినిట్స్ బుక్కులో మాత్రం
"సభ్యురాలు ఏదో ప్రస్తావించారు" అని రాసుకున్నారు.

ఇక మెట్లు.
బెవర అప్పలనరసమ్మగారు మీకందరికీ తెలుసు.
శ్రీకాకుళం నుంచి రాళ్లు కొట్టడానికొచ్చి
ఈ మెట్లలో సగం తన చేత్తో పేర్చిన మనిషి.
జూన్లో, మొదటి వాన నాడు,
నూట ఎనభై ఆరో మెట్టు మీద జారింది. తుంటి విరిగింది.
నులకమంచంతో సహా నలుగురు మోసుకు దిగుతుంటే
నా చెయ్యి పట్టుకుని, "ఒక్క గొట్టమేస్తే సాలమ్మా,
పట్టుకుని దిగుదుము" అంది.

అర్జీ పెట్టాను.
అర్జీ ఎస్టిమేటయింది, ఎస్టిమేటు ఫైలయింది,
ఫైలు ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదికి పోవడానికి
ఏడు వారాలు పట్టింది.
అక్కడ మెట్లు కూడా లేవు.

మీరు ఆగలేదు.
ఆటోనగర్ నుంచి ఖాజావలి
లారీల పాత గొట్టాలు భుజాన మోసుకొచ్చాడు.
ఇంటికి యాభై వేసుకున్నారు,
వేయలేనివాళ్లు ఇసుక మోశారు.
రెండాదివారాలు రాత్రిళ్లు కూడా వెల్డింగ్ రవ్వలు రాలుతుంటే
కింద వన్‌టౌన్లో అడిగారట, కొండమీద పెళ్లెవరిదని.
గజానికో రంగు. ఒకచోట సగం లారీ నంబరు ఇంకా ఉంది.

మొన్న సోమవారం నోటీసొచ్చింది.
అనుమతి లేని కట్టడం, వారంలో తీసెయ్యాలి.
తెచ్చిన కుర్రాడు కొత్తగా ఉద్యోగంలో చేరాడట.
ఆ గొట్టం పట్టుకునే రొప్పుతూ పైకొచ్చాడు.
సంతకం పెట్టి, మజ్జిగిచ్చాను.
అది పట్టుకునే దిగాడు.

నోటీసుకి జవాబు నేను చూసుకుంటాను.
ఓడిపోతే అది కూడా వచ్చేనెల రాస్తాను.

మరిచాను.
కమ్యూనిటీ హాలు కాంట్రాక్టరు
నా పేరు చెక్కించిన నల్లరాయి ముందే తెచ్చి పెట్టాడు. హాలు లేదు.
ఆ రాయిని నూట ఎనభై ఆరో మెట్టుకి వేయించాను,
నున్నని వైపు, అంటే నా పేరున్న వైపు, కిందికి.

వచ్చే గురువారం అప్పలనరసమ్మగారు ఇంటికొస్తున్నారు.
ఎత్తుకుంటామంటే ఒప్పుకోవడం లేదు.
ఆ పూట ఎవరూ కుడివైపు బిందెలు పెట్టకండి.
పై పద్నాలుగు మెట్ల దగ్గర
రంగింకా ఆరలేదు,
చీరలు జాగ్రత్త.