ఎడమ చెవితో

మొదట వాళ్ళను విన్నది గ్రిమ్స్‌బీ రేవులో,
చేపలకు పొగబెట్టే కొట్టంలో.
అద్దె లేదు. బదులుగా ఆదివారాలు నేల కడగాలి.
అలిస్టర్ ఫెన్విక్ స్పీకర్ మూతి ఊడదీసి
లోపలి అట్టను చేపల కత్తితో చీల్చాడు,
హాడక్ పొట్ట కోసినంత తేలిగ్గా.
ఆ గంటులోంచి వచ్చింది గిటారు,
జలుబు చేసిన ఓడ కూతలా.
రోవెనా పాడలేదు, తగాదా పెట్టుకుంది.
డెంజిల్ డ్రమ్ములంటే
అప్పులవాడు తలుపు బాదడమే.
నాకు పంతొమ్మిదేళ్ళు.
మిక్సర్ మీద ఎర్రదీపం ఆరితే ఒట్టు.
అదే సంగీతమనుకున్నాం.
సంగీతమే.

రెండో రికార్డుకి లండన్, ఎవరిదో డబ్బు,
గంటల లెక్కన పన్నెండు వయొలిన్లు.
నాలుగు కొట్టగానే టీకి లేచిపోయాయి
పాట నడుమ.
ఆ ఖాళీలో ఏం చెయ్యాలో తోచక
మార్గో బేస్ మీద నాలుగు స్వరాలు గిల్లింది.
చెరపలేదు, ఉంచేశాం.
పత్రికలన్నీ మెచ్చుకున్నది ఆ చోటునే.

తర్వాత ఒక నల్లపెట్టె వచ్చింది.
తడబడదు, అలగదు, బీరు అడగదు.
డెంజిల్ పదకొండు రోజులు
చేతులు కట్టుకుని దాని ఎదుట కూర్చున్నాడు.
పన్నెండో రోజు దానిలాగే వాయించాడు.
పదమూడో రోజు
దానికంటే వెంట్రుకవాసి ఆలస్యంగా.
ఆ ఆలస్యంలో పాటకు ఊపిరాడింది.
లీడ్స్‌లో మాత్రం సగం హాలు లేచిపోయింది.
"మారిపోయారు మీరు!" అని ఒకడు బూటు విసిరాడు.
రోవెనా తొడుక్కుని చూసింది.
బిగుతు.

ఆమె గొంతుకు కత్తి పడిన ఏడు
పై మూడు స్వరాలు తిరిగి రాలేదు.
అలిస్టర్ ఒక్క మాటా అనకుండా
అన్ని పాటలనూ కిందికి దించాడు.
వదులైన తీగలు చెక్కకు తగిలి గరగరమన్నాయి.
దాన్ని పరిణతి అన్నారు రాసేవాళ్ళు.
మేం దాన్ని మంగళవారం అనేవాళ్ళం,
ఆపరేషన్ జరిగిన రోజు.

నా సంగతి ఎవరికీ చెప్పలేదు.
కుడిచెవి ఎప్పుడో మూతపడింది,
అన్నేళ్ళ ఎర్రదీపం ఊరికే పోతుందా.
ఆరో రికార్డు ఎడమ చెవితోనే కలిపాను,
కుర్చీ తిప్పుకుంటూ, అటొకసారి, ఇటొకసారి.
వీళ్ళు నెమ్మదించారా,
నాకు వినబడడం తగ్గిందా?
మార్గోకి తెలుసనుకుంటా.
అడక్కుండానే నా అరచెయ్యి లాగి
బేస్ చెక్క మీద ఆనించింది.
లోపల ఏదో పెద్ద చేప మలుపు తిరిగినట్టు.

పోయిన చలికాలం అదే రేవు, అదే కొట్టం,
ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు, గోడల్లో ఇంకా పొగ వాసన.
అదే చీలిన స్పీకర్, గంటుకు ప్లాస్టర్.
ముందు వరసలో ఒక కుర్రాడు గొంతు చించుకున్నాడు,
"మొదటి పాట! మొదటి పాట వాయించండి!"
వాళ్ళు వాయిస్తున్నది అదే.
సగం వేగంలో, అరుపు తీసేసి,
పదాల మధ్య టీకి వెళ్ళి రావచ్చు.
రోవెనా వాడి వైపు వంగి
తర్వాతి చరణం వాడికొక్కడికే చెప్పినట్టు పాడింది.
వాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.
అలవాటు కొద్దీ నేను
ఎర్రదీపం వైపు చూశాను.