తరుగు

మిర్యాలగూడ బైపాసు మీద
అరవై టన్నుల కాంటా నాది.
నాది అంటే సేటుది,
బటన్ ఒత్తేది నేను.

నిండు లారీ ఎక్కుతది, రాసుకుంట.
ఖాళీ లారీ ఎక్కుతది, రాసుకుంట.
పెద్ద అంకెకెళ్లి చిన్న అంకె పోతే మిగిలేటియి వడ్లు.
ఆ వడ్లకెళ్లి మల్ల సేటు తరుగు తీస్తడు,
తేమకు, తాలుకు, మట్టికి,
రైతు నోరు తెరిస్తే తెరిచినందుకు.

లారీకి లారీకి నడుమ పది నిముషాలు.
నా చదువంత ఆ సందులనే.
కోతలు మోపైతే బండ్లు వంతెన దాంక నిలవడ్తయి,
హారన్ల నడుమ ఒక్క పేజీ తిరగది.
సిత్రమేందంటే
పుస్తకాలు ఎక్కువ కొనేది గప్పుడే,
ఉపాసమున్నోళ్లు అంగడికి వోయి
సంచి నిండ తెచ్చుకున్నట్టు.

జానీమియా పాత సామాన్ల దుకాణంల
పుస్తకాలు కిలో పద్దెనిమిది.
అట్టలూడినయి, మొదలు లేనియి,
ఎవరో ఎవరికో "ప్రేమతో" అని రాసిచ్చి
ఏడాది తిరగకముందే తూకానికొచ్చినయి.
"నీకైతే పదిహేనుకే బిడ్డా" అంటడు,
తక్కెడకు బొటనవేలు ఆనిచ్చుకుంట.
కాంటాదాన్ని, నాకు కనవడదా?
ఊకుంట.
పుస్తకం బరువైందంటే నాకూ సంబురమే.

ర్యాకు నిండింది. మంచం కింద నిండింది.
ఇప్పుడు సన్నబియ్యం సంచులల్ల నింపి, మూతులు గట్టి
గోడకు నిలవెట్టిన.
మిల్లు తవుడు కిటికీలకెళ్లి వచ్చి
బయటున్న పుస్తకాల మీద కూసుంటది.
వేలితోని గీస్తే తెలుస్తది
ఏది ఎన్ని పంటలసంది నన్ను చూస్తున్నదో.

మా అక్క అండాలు వచ్చినప్పుడల్ల అడుగుతది:
"చదివినయే మతికి లేవంటవు, చదవనియి ఎందుకే?"
చాయ్ పోస్త. జవాబు చెప్ప.

మొన్న యాసంగి ఒడిసినంక
ఒక రాత్రి ఒక్క బండి రాలే.
ఏం బుద్ధి పుట్టిందో,
హమాలీ సైదులును పిలిచి
అన్నీ కాంటా కాడికి మోపిచ్చిన.
మొదలు, పోయినేడు చదివిన పదకొండు పుస్తకాలు పెట్టిన.
సున్న.
పది కిలోలు అందితేనే ఈ కాంటాకు సోయి.
తర్వాత చదవనియి.
నూట నలభై.
సైదులు నవ్విండు:
"గింతేనా అక్కా! రెండు బస్తాలు గూడ లేవు."

నేను కాయితం తీసిన.
ఏడాదికి పదకొండు లెక్కన ముప్పై రెండేండ్లు.
నాకిప్పుడు నలభై ఏడు.
మిగిలిన ఏండ్లకెళ్లి కండ్లకింత తరుగు,
నైట్ డ్యూటీలకింత, నడుము నొప్పికింత,
చదువుకుంటనే నిద్రవోయిన పేజీలకింత.
జానీమియా ఇంక కొనిపిచ్చేటియి
లెక్కల ఎయ్యనే లేదు.
రశీదు ప్రింటు కొట్టిన.
బండి నంబరు కాడ ఏం రాయాల్నో తెల్వక
ఖాళీ ఇడిసిన.

దించేటప్పుడు ఒక సంచి మూతి ఊడింది.
సైదులు వొంగి ఒకటి ఏరిండు,
మేకల రోగాల మీద సన్న పుస్తకం,
ముంగట పదహారు పేజీలు లేవు.
"ఇది నాకియ్యరాదు అక్కా, ఇంటికాడ నాలుగున్నయి."
లోపలెక్కడనో కలుక్కుమన్నది.
మేకలు నాకెక్కడియి?
అయినా ఆరేండ్లసంది, ఎన్నడన్న చదువుతనని
దాని మీది తవుడు తుడుస్తనే ఉన్న.

ఇచ్చిన.

మిగిలినయి మల్ల జోకిన.
నూట నలభై.
కాంటాకు తెల్వలే.

సైదులు రేకుల షెడ్డు కింద, లైటు కాడ
గొంతుక్కూసొని, వేలు వెట్టి
అక్షరం మీద అక్షరం పేర్చుకుంటున్నడు:
"గా... లి... కుం... టు..."
రోగం పేరు దొరికినందుకు
చుట్టం కలిసినట్టు తలెత్తి నా దిక్కు చూసిండు.

త్రిపురారం తొవ్వల రెండు లైట్లు.
ఎవడో దారి తప్పి వస్తున్నడు, లేకుంటే లోడుతోనే.
వాడు చేరేలోపల
నాకు రెండు పేజీలు అయితయి.