పాస్‌పోర్టు సైజు

పర్లాకిమిడి బస్టాండు ఎదురు సందులో
మందుల షాపుకీ గాజుల కొట్టుకీ మధ్య
ఎనిమిదడుగుల వెడల్పు నా స్టూడియో.
బోర్డు మీద పేరు రెండు లిపుల్లో ఉంటుంది.
ఒరియా గుండ్రన, తెలుగూ గుండ్రనే,
వానలకి రెండూ ఒకేలా కారిపోయాయి.

ముప్పయ్యేళ్ళుగా జనానికి నేను చెప్పే మాట ఒకటే:
హసంతు నాహిఁ. నవ్వకండి.
ఆధారుకి, రేషను కార్డుకి, సూరత్ మిల్లు గేటు పాసుకి
నవ్వు పనికిరాదు, ఏడుపూ పనికిరాదు,
ఉత్త మొహం కావాలి.
తెల్లగుడ్డ ముందు స్టూలు మీద కూచోబెట్టి
గడ్డం వేలితో కాస్త ఎత్తి
వాళ్ళ మొహంలోంచి వాళ్ళని తీసేస్తాను.

అలాంటి నన్ను
బరంపురం పెద్దాసుపత్రి చీకటి గదిలో
స్టూలు మీద కూచోబెట్టారు.
వేళ్ళకి తీగలు చుట్టారు.
పాణిగ్రాహి మేడమ్ ఒరియా యాసలో అంది:
"తెర మీద మొహాలొస్తాయి. ఆడా మగా చెప్పండి, చాలు."
వచ్చాయి.
నూట అరవై ఉత్త మొహాలు.
నాకిదేం కొత్త? ఇలాంటివి డజన్ల లెక్కన అమ్ముకుని బతికేవాణ్ణి.
ఆడ. మగ. మగ. ఆడ.
అయిపోయాక రుమాలు అడిగాను.
అరచేతులు ఎందుకో చెమర్చాయి.

అప్పుడు చెప్పిందావిడ.
ప్రతి ఉత్త మొహానికీ ముందు
ఇంకో మొహం వచ్చి వెళ్ళిందట,
రెప్పపాటులో పదో వంతు.
జడుసుకున్నదొకటి, పళ్ళు కొరుకుతున్నదొకటి, పగలబడి నవ్వుతున్నదొకటి.
మీరు చూళ్ళేదు, అంది.
మీ వేళ్ళు చూశాయి.

తిరుగు బస్సులో పాత డార్కురూము గుర్తొచ్చింది.
ఎర్రబల్బు కింద తెల్ల కాయితం.
వెలుగు తగిలేసింది, బొమ్మ పడిపోయింది,
కాయితానికి తెలీదు, నాకూ తెలీదు,
మందునీళ్ళలో ముంచిందాకా అది ఉత్త కాయితమే.

ఆ ఎండాకాలం సంగతి ఊరంతా ఎరుగును.
పదకొండు రాత్రులు నిద్ర లేదు.
స్టూలెక్కిన ప్రతివాడూ లోపల్లోపల నాకేసి నవ్వుతున్నాడు,
అందుకని అందరికీ ఫొటోలు ఉచితం అన్నాను.
మూడు కెమెరాలు అప్పు మీద కొన్నాను.
అర్ధరాత్రి మహేంద్రతనయ ఒడ్డున నిలబడి
నీళ్ళ మొహాన ఫ్లాష్ కొట్టాను.
కార్తీకానికి అదే గుడ్డ, అదే స్టూలు, అవే కళ్ళు,
ఒక్కొక్కటీ నన్ను తప్పు పడుతోంది.
విత్తనాల కొట్టు బెహరా గారు వెళ్తూ వెళ్తూ
చిల్లర లెక్కపెట్టుకున్నాడు, అంతే,
షట్టరు దించేసి నేల మీద పడుకున్నాను.

"మొహాలు మారనేదు, నీ కాయితమే మారింది"
అంది నూకరత్నం.
ఫొటోలు కత్తిరించేది తనే.
కత్తెరకి అన్ని మొహాలూ సమానం.

ఇప్పుడు పొద్దున ఒక బిళ్ళ, రాత్రి రెండు.
మూణ్ణెల్లకోసారి రక్తం ఇస్తాను.
చేతులు సన్నగా వణుకుతాయి, స్టాండు లేందే కెమెరా ముట్టను.
టీ గ్లాసు అందిస్తూ రోజూ నూకరత్నం నన్ను చూస్తుంది,
రెప్పపాటులో పదో వంతు.
చూస్తున్నట్టు తనకి తెలీదు.

ఇవాళ మధ్యాహ్నం సొంబారు అని ఓ సవర కుర్రాడు,
కాశీనగర్ పైన కొండ పల్లె,
ఎల్లుండి బండికి సూరత్.
హసంతు నాహిఁ, అన్నాను.
వాడికి నవ్వే ఉద్దేశమే లేదు.
కెమెరాలో ఉత్త మొహం,
గోడంత ఉత్త మొహం.
నా అరచెయ్యి తడిసింది.

ఆ బెదురు వాడిదా,
బిళ్ళల కింద పడుకోబెట్టిన నాదా?
తేల్చే తీగలు నా దగ్గర లేవు.
"భయంగా ఉందా బాబూ?"
"లేదు, లైటు ఎక్కువుంది."
రెండు దీపాల్లో ఒకటి ఆర్పాను.
కాసేపు ఊరికే కూచోనిచ్చాను.
ఫొటో కాస్త చీకటిగా వచ్చింది,
కానీ అందులో వాడున్నాడు.
గేటు దగ్గర ఒప్పుకోరేమోనని
వెలుగులో ఇంకోటి తీసి, రెండూ కవర్లో పెట్టి
ఒకదానికే డబ్బులు తీసుకున్నాను.

వెనక గదిలో కత్తెర చప్పుడు ఆగింది.

"ఒకటే ఇచ్చాను" అన్నాను అటు తిరక్కుండానే.
"ఒక్కటే, రత్నం."