మేక వేసిన దారి

ఇబ్రహీంపట్నం రింగు దాటేసరికి ఇంకా చీకటే.
థర్మల్ స్టేషన్ గొట్టాలు నెత్తిన ఎర్రదీపాలు పెట్టుకుని
ఎవరికోసమో మేలుకుని ఉన్నాయి.
ముందు నేను, వెనక నాగుల్‌మీరా.
వించిపేటలో వాడి పంచరు కొట్టుకి
వారానికి ఒక్క పూట సెలవు,
ఆ ఒక్క పూటా ఇదిగో, ఇక్కడ.

నా సైకిల్ వాడు కట్టిందే.
ఫ్రేము పాత ఇనప సామాన్ల సందులో దొరికింది,
ముందు ఫోర్కు హైదరాబాదులో ఎవరో విసుగెత్తి అమ్ముకున్నది,
బ్రేకులు మాత్రం కొత్తవి.
"ఎక్కడానికి ఏదైనా సరిపోద్ది మేడమ్,
దిగడానికే ఖర్చెట్టాలి" అన్నాడు.
పద్దెనిమిదేళ్ళుగా ట్రెజరీలో బిల్లులు చూస్తున్నాను,
ఇంత సరైన పద్దు నా బల్ల మీదికి రాలేదు.

మూలపాడు దాటాక తారు తెగిపోతుంది.
అక్కణ్ణించి దారి ఎవరూ వేసింది కాదు.
కాదు కాదు, మేకలు వేశాయి.
దానియేలు చెప్పాడు, నలభై మేకల ఆసామి:
ముందు నడిచే కర్రిమేక ఎటు తిరిగితే అటే మలుపట.
ఒకచోట రేగుపొద దగ్గర ఆగింది,
అక్కడ దారి వెడల్పు.
ఒకచోట పాము కనబడి పక్కకి దూకింది.
ఆ పాము ఎప్పుడో పోయింది,
ఆ మేకనీ ఏ పెళ్ళికో కోసేశారు,
మా చక్రాలు మాత్రం
ఇప్పటికీ అక్కడ పక్కకే తప్పుకుంటాయి.

ఎక్కుడు.
అన్నిటికన్నా చిన్న గేరు, గొలుసు సణుగుడు,
గుండె వచ్చి చెవుల్లో కూర్చుంటుంది.
రాత్రి వాన మట్టిని కోసిన గాడిలో
గులకరాళ్ళు పళ్ళికిలిస్తాయి.
సీతాఫలం కొమ్మ మోచేతి మీద సంతకం పెడుతుంది.
ఊపిరి అందక దిగిపోయిన చోట
నరికేసిన తెల్లపొణికి మొద్దు.
"ఇది ఈపాటికి ఏ అద్దాల బీరువాలోనో
అంబారీ ఏనుగై ఉంటది" అంటాడు నాగుల్‌మీరా,
మొద్దు మీద కూర్చోకుండా
పక్కన నేల మీదే కూర్చుంటూ.

పైన గాలి.
కింద కృష్ణ, ఇసుక మేటల మధ్య
విప్పి వదిలేసిన జడలా పాయలు పాయలుగా.
ఇంకో గంటలో ఎండ వస్తుంది, బెజవాడ ఎండ,
వచ్చిందంటే మరి మాట వినదు.

దిగుడు.
రాయిని చూడకూడదు, చూస్తే రాయికే పోతాం.
పోవాల్సిన చోటునే చూడాలి.
వాడు నాకు నేర్పిన మొదటి పాఠం,
నేను పాటించనిదీ అదే.
పోయినేడు సరిగ్గా ఈ వంపులో
ఓ రాయిని కళ్ళార్పకుండా చూశాను,
కాలరు ఎముక విరిగింది.
"ఈ వయసులో నీకెందుకమ్మా" అంది ఆఫీసు మొత్తం,
క్యాంటీన్ కుర్రాడితో సహా.
మెడికల్ బిల్లు మా సెక్షన్‌కే వచ్చింది.
ప్రమాద కారణం వివరముగా తెలుపవలెను అని
ఎర్రసిరాతో వెనక్కి పంపాను,
నా బిల్లుని నేనే.
జవాబు గడిలో మేక అని రాసి
చాలాసేపు చూసి కొట్టేశాను.

ఇవాళ అదే వంపు.
చేతులు వదులు, మోకాళ్ళు స్ప్రింగులు,
చూపు ఆ చివర మద్దిచెట్టు మొదట్లో.
చక్రం రాయి పక్కనుంచి
చుట్టం ఇంటిముందు నుంచి తప్పించుకుపోయినట్టు పోయింది.
అరిచాను.
ఏమని అరిచానో తెలీదు,
అందులో మాటలేం లేవు.

మద్దిచెట్టు దగ్గర
రెండు బ్రేకులూ ఒక్కసారే పట్టాల్సి వచ్చింది.
దారి నిండా మేకలు.
వెనకెక్కడో దానియేలు దగ్గు.
అన్నిటికన్నా ముందు ఓ కొత్తది, నుదుట తెల్లమచ్చ,
నన్నో చూపు చూసి, సైకిల్‌నో చూపు చూసి,
ఇద్దరిలో ఎవరూ నచ్చనట్టు
ఎడంపక్క కంపలోకి దిగింది.
దాని వెనక ఒకటి. దాని వెనక మూడు.
కంప కాసేపు పట్టుబట్టి
చివరికి విడిపోయింది.

నాగుల్‌మీరా చెమట తుడుచుకుని
హ్యాండిల్ అటు తిప్పాడు.
"రండి మేడమ్,
కొత్త రోడ్డు శాంక్షనయ్యింది."