నాలుగో రీలు

మూడంటే మూడు రోజులే ఆడింది మలికిపురంలో.
నాలుగో రోజు వాల్‌పోస్టరు మేక తినేసింది.

డబ్బింగు బొమ్మ. చుక్కల్లోంచి ఏదో రాలి
నూతి నీళ్లలో కాపురం పెడుతుంది.
తాగినవాళ్లకి ముందు నీడ పోతుంది,
తర్వాత మనిషి.
అసలు దాన్ని చూపించే నాలుగో రీలు
నర్సాపురం రేవులో పంటు ఎక్కిస్తుంటే
గోదాట్లో పడిపోయిందని
ఆపరేటరు లాజరు తెర ముందుకొచ్చి చెప్పాడు,
తప్పు తనదే అయినట్టు.

నేలటిక్కెట్టు జనం ఈలలేసి లేచిపోయారు.
మిగిలింది ముగ్గురం:
నేనూ, పల్లాలరావూ, సోడాలమ్మే రత్నం.

ముప్పయ్యేళ్లు.
ఇప్పటికీ పల్లాలరావు దానికి రొయ్య మీసాలంటాడు.
"కాదెహే, ఒళ్లే లేదు దానికి" అంటుంది రత్నం,
"నీళ్లకి ఒళ్లేంటి?"
నేను దాని గొంతు విన్నాను.
లేని రీల్లో ఎలా విన్నావురా అని
ప్రతిసారీ అడుగుతారు,
ప్రతిసారీ వినిపించమంటారు.

మొన్న రాత్రి రొయ్యల చెరువు కాపలా.
తెల్లటి లైట్ల కింద ఏరేటర్లు
ఎవరూ లేని నీళ్లని చిలుకుతున్నాయి.
గట్టుకవతల మా పాత నుయ్యి,
చేదేస్తే ఉప్పు.
పల్లాలరావు బీడీ పారేశాడు.
ఒకసారి గట్టు మీది నీడలు లెక్కపెట్టాడు,
మళ్లీ లెక్కపెట్టాడు.

ఇద్దరమే ఉన్నాం అక్కడ.

ఏమీ అనలేదు. ఫోను తీసి
రత్నాన్ని నిద్రలేపాడు:
"నాలుగో రీలు వేస్తున్నారే.
సోడాలు పట్టుకురా."